బీపీ ఉన్నవాళ్లు పఖాళ, ఎండుచేప, ఊరగాయ మానేయాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్ల ఇళ్లలో వేసవి మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం), పక్కన వేయించిన ఎండుచేప, ఊరగాయ మామూలే. వీటిలో పఖాళ మానక్కర్లేదు. చిక్కంతా అందులో కలిపే ఉప్పుతో, నంజుకునేవాటితో. ఉప్పుకు బదులు నిమ్మరసం, పెరుగు, వేయించిన జీలకర్ర పొడి, నలిపిన పచ్చిమిర్చి వేయండి. నాలుక అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

మనిషికి రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే తలగొట్టి కొలిచిన ఒక టీస్పూను. కూర, పచ్చడి, మిక్చర్, బిస్కెట్లు అన్నీ ఆ లెక్కలోవే. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. నెలకే అయిపోతుంటే చాలా ఎక్కువ వాడుతున్నట్టే.

ఉప్పు పట్టించిన ఎండుచేపను వేడినీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు మార్చి కడిగినా కొంత ఉప్పే పోతుంది. అందుకే ఎప్పుడైనా ఒకసారి, చిన్న ముక్క చాలు. ఆ కూరలో మళ్లీ ఉప్పు వేయొద్దు. మిగతా రోజుల్లో పచ్చిచేప పులుసు మేలు. ఊరగాయ కూడా రోజూ వద్దు.

సైంధవ లవణం మంచిదని ధారాళంగా వాడేస్తుంటారు. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పులో ఉండేదే. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్నా, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా ఆ ఉప్పువల్ల రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, కాబట్టి డాక్టరును అడగకుండా కొనొద్దు. తిండి మార్చాక బీపీ తగ్గినా మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.