ట్యూషన్ సార్ రాత్రి పదిన్నరకు పాపకు మెసేజ్‌లు పెడుతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గాజువాక. మావారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల్లో చేస్తారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. పాపకు 13 ఏళ్లు, 8వ తరగతి. లెక్కల్లో వెనకబడిందని, తెలిసినవాళ్లు చెబితే హైదరాబాద్‌లో ఉండే ఒక సార్ దగ్గర జూన్‌లో ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించాం. క్లాసు పాప ఒక్కదానికే. పోయిన ఆదివారం తన వాట్సాప్ చూశాను. రాత్రి పదిన్నరకు "పడుకున్నావా?" అని, "మన మాటలు అమ్మకు చెప్పకు" అని, "యూనిఫాంలో కాదు, ఇంట్లో వేసుకునే డ్రెస్‌లో ఫోటో పెట్టు" అని ఉన్నాయి. పాప రెండు ఫోటోలు పంపింది, మామూలు బట్టల్లోనే. కోపం ఆపుకోలేక చెంప మీద కొట్టి ఫోన్ లాక్కున్నాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మావారేమో "ఏం జరగలేదు కదా, మాన్పించేసి ఊరుకుందాం, బయటికి తెలిస్తే పరువు పోతుంది" అంటున్నారు. నేను ఉద్యోగం మానేయాలా? ఆ స్క్రీన్‌షాట్లు మీకు పంపిస్తున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రి చేయాల్సిన పని చెబుతాను, మిగతాది తర్వాత. పాప పక్కన వెళ్లి కూర్చోండి. సార్ గురించి గానీ ఫోన్ గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా వేయకండి. "నిన్ను కొట్టడం నాది తప్పు, భయమేసి కొట్టాను. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. ఆయన పెద్దవాడు, చిన్నపిల్లకు అలా రాయకూడదని ఆయనకు తెలుసు." ఈ నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోండి. పాప ఏడవచ్చు, అటు తిరిగి పడుకోవచ్చు, "వెళ్లు" అని కసరవచ్చు కూడా. ఏం చేసినా సరే, కాసేపు అక్కడే ఉండండి.

ఇదే ముందు ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటివి ఇంట్లో ఎందుకు దాచావని నేను ఏ పిల్లను అడిగినా, మగపిల్లలతో సహా, దాదాపు ఒకటే జవాబు వస్తుంది: చెబితే ఫోన్ లాక్కుంటారు, క్లాసు మాన్పిస్తారు, నన్నే తిడతారు. మీ ఇంట్లో ఫోన్ లాక్కోవడం, కొట్టడం ఒకే రోజు జరిగిపోయాయి, క్లాసు మాన్పించే మాట కూడా వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు, ఆ క్షణంలో చాలామంది తల్లులు అలాగే చేస్తారు, కానీ పాప మళ్లీ నోరు విప్పాలంటే ముందు ఆ భయం పోవాలి. తను చెప్పకుండా ఇంకేమైనా ఉందేమో మనకు ఇంకా తెలియదు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు వరుసగా రెండుసార్లు చదివాను. జూన్ అంతా లెక్కలే. జూలైలో "నువ్వు నీ వయసు పిల్లల్లా కాదు, చాలా తెలివైనదానివి" అని మొదలైంది. తర్వాత "మీ అమ్మ ఎప్పుడూ బిజీయే కదా, పాపం నీకెవరూ లేరు". ఆ తర్వాత డిసప్పియరింగ్ మెసేజ్‌లు, అంటే గడువు అయ్యాక వాటంతటవే మాయమయ్యేవి, ఆన్ చేశాడు, 7 రోజులు పెట్టాడు. ఫోటో అడిగింది ఆ తర్వాతే. పొగడటం, అమ్మకు దూరం చేయడం, గుట్టు పెట్టడం, చివరికి అడగడం: పిల్లలను మచ్చిక చేసుకునేవాళ్లు నడిచే దారి ఇదే, దీన్నే గ్రూమింగ్ అంటారు. ఇందులో మీ పాప చేసిందల్లా తనను మెచ్చుకున్న ఒక మాస్టారిని నమ్మడం. లెక్కల్లో మార్కులు రాక రోజూ చిన్నబోయే పిల్లకు "నువ్వు తెలివైనదానివి" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ రీసెట్ చేయకండి. టైమర్ పెట్టాక వచ్చినవి ఒక్కొక్కటిగా పోతూ ఉంటాయి కాబట్టి ఇంకా తీయనివి ఉంటే ఇవాళే తీయండి, పైన అతని నంబరూ తేదీలూ కనిపించేలా. ఒకసారి చూస్తే మాయమయ్యే ఫోటోలు, వీడియోలు ఉంటే వాటికి స్క్రీన్‌షాట్ రాదు, ఇంకో ఫోన్‌తో తీయాల్సిందే. మీరు ఫీజు కట్టిన యూపీఐ రసీదులు, క్లాసు లింకులు కూడా ఉంచండి, ఎందుకంటే అతని అసలు పేరు వాటిలోనే దొరకవచ్చు. అతనికి మాత్రం ఫోన్ చేసి కడిగేయకండి. చేయాలనిపిస్తుంది, నాకూ తెలుసు, కానీ మీరు ఫోన్ పెట్టేసేలోపే అతను తన వైపున్నవన్నీ చెరిపేస్తాడు. ఇంకో మాట, చాలామందికి తెలియక చేసే పొరపాటు ఇది: ఒకవేళ ఆ ఫోన్‌లో పాపవి ఇబ్బందికరమైన ఫోటోలు ఏవైనా బయటపడితే సాక్ష్యం కోసమని కూడా వాటిని తమ్ముడికో మీవారికో నాకో ఫార్వర్డ్ చేయకండి. పిల్లల అలాంటి బొమ్మలను పంపడం చట్టం ముందు నేరమే, ఎవరు పంపినా. ఫోన్ ఉన్నది ఉన్నట్టే పోలీసులకు చూపించండి.

మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. "ఏం జరగలేదు కదా" అన్నారు. జరిగింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో పిల్లను ముట్టుకుంటేనే నేరం అని లేదు, లైంగిక ఉద్దేశంతో ఫోన్‌లోనో నెట్‌లోనో మాటిమాటికీ వెంటపడినా అది వేధింపే, 3 ఏళ్ల వరకు జైలు. పిల్లలను నెట్‌లో అలాంటి సంబంధంలోకి లాగడం ఐటీ చట్టం 67బీ కింద వేరే నేరం, మొదటిసారి రుజువైతేనే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. అతని ఉద్దేశం ఏమిటో తేల్చాల్సింది మీరు కాదు, పోలీసులు, కోర్టు. మీకు అనుమానం కలిగితే చెప్పాలి, అంతే. నిజానికి ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టమే అంటుంది. ఆ బాధ్యత మీరు పంపినవి చదివిన నాకూ ఉంది. మీకు తెలియకుండా ఏదీ చేయను, కానీ మౌనంగా కూర్చోమని మాత్రం చెప్పలేను.

పరువు సంగతి. పాప పేరు, ఫోటో, చిరునామా, స్కూలు, ఇంటివాళ్ల వివరాలు పత్రికల్లో టీవీల్లో రాకూడదని అదే చట్టంలో ఉంది. పాప స్టేట్‌మెంట్ మీ ఇంట్లోనే, లేదా తనకు నచ్చిన చోట తీసుకోవచ్చు, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా పోలీసు, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. పక్కన మీరు ఉండవచ్చు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. అతను హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడ కేసు ఎలా అన్న సందేహం పెట్టుకోకండి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. గాజువాక స్టేషన్‌కు వెళ్లండి, లేదా విశాఖ కమిషనరేట్‌లోని సైబర్ క్రైమ్ స్టేషన్‌కు. అడుగు పడక ఆగిపోతే ముందు 1098కి ఫోన్ చేయండి, పిల్లల కోసమే ఉన్న నంబరు అది, 24 గంటలూ పలుకుతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం అతని పేరుతో ఏదీ పెట్టకండి. మిగతా పిల్లలను కాపాడాలనే మీ ఆరాటం మంచిదే, కానీ అరగంటలో అది అతని దాకా వెళుతుంది, గంటలో "ఎవరి పాప?" అని మొదలవుతుంది. మీకు ఈ సార్‌ను చెప్పినవాళ్ల పేరు పోలీసులకు ఇవ్వండి, అతను ఇంకా ఎవరెవరికి పాఠాలు చెబుతున్నాడో పోలీసులు అడుగుతారు.

ఉద్యోగం మానేయొద్దు. మీరు ఇంట్లో ఉన్నా తలుపు వేసి ఉన్న గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, మంచం మీద ఫోన్ పెట్టుకుని క్లాసు జరిగితే అంతే సంగతి. మారాల్సింది ఆ గది. లెక్కల ట్యూషన్ పూర్తిగా ఆపేస్తే పాపకు అది శిక్షలా కనిపిస్తుంది, కాబట్టి కొన్నాళ్లు ఆగి, పాపను అడిగి, వేరే టీచర్‌ను చూడండి. మొదటి పది నిమిషాలు మీరే వీడియోలో మాట్లాడండి. వీలైతే ముగ్గురు నలుగురు పిల్లలున్న బ్యాచ్ చూడండి. క్లాసు మీరు వచ్చాక 8 గంటలకు పెట్టించండి, హాల్లో, డైనింగ్ టేబుల్ మీద నీళ్ల బాటిల్‌కు ఆనించిన ఫోన్ తెర వంటగది వైపు తిరిగి ఉండేలా, స్పీకర్ ఆన్‌లో. లింకు మీ నంబరుకే రావాలి, డౌట్లు ఉంటే మీరు కూడా ఉన్న గ్రూపులోనే అడగాలి. అమ్మమ్మ వచ్చి ఉంటే అదే గదిలో కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకున్నా చాలు, ఆమెకు లెక్కలు రావాల్సిన పనిలేదు. ఇవన్నీ ముందే చెబితే మంచి టీచర్లు ఎవరూ నొచ్చుకోరు, ఇంకా సంతోషిస్తారు. "పిల్ల డిస్టర్బ్ అవుతుంది, తలుపు వేయండి" అని పట్టుబట్టేవాళ్లు మనకు వద్దు.

పాపతో ఒక ఒప్పందం చేసుకోండి. "అమ్మకు చెప్పకు" అని ఏ పెద్దవాళ్లు అన్నా, బంధువులైనా సరే, ముందు ఆ మాటే వచ్చి మీకు చెప్పాలి, చెబితే మీరు ఫోన్ లాక్కోరు, అరవరు. ఈ మాట మీరు ఒక్కసారి తప్పినా పాప ఇంకోసారి రాదు. రోజూ ఎన్ని లెక్కలు చేశావని కాకుండా, ఇవాళ ఎవరైనా నీకు నచ్చని మాట అన్నారా అని అడగడం అలవాటు చేసుకోండి, అదీ ఎదురుగా కూర్చోబెట్టి కాదు, జడ వేస్తూనో బట్టలు మడతపెడుతూనో.

పాప తిండి మానేసినా, రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా ఒక్క రోజు కూడా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, ఫీజు ఏమీ ఉండదు, తెలుగులో మాట్లాడతారు. లేదా పాపను తీసుకుని నా దగ్గరకు వచ్చేయండి.

మీవారి షిఫ్టు చూసుకుని ఈ రెండు మూడు రోజుల్లోనే ఇద్దరూ కలిసి స్టేషన్‌కు వెళ్లండి. ముందు రోజు రాత్రే పాపకు చెప్పండి, ఎందుకు వెళుతున్నారో, అక్కడ ఏం అడగవచ్చో. పొద్దున మామూలుగానే స్కూలుకు పంపండి. సాయంత్రం తను అడిగేదాకా చూడకుండా, అక్కడ ఏం జరిగిందో మీరే చెప్పండి.