కత్తిని తాత ఎందుకు మరిచిపోయాడు

కడప

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు ప్రొద్దుటూరు నుంచి పంపిన కథ అందింది. కడప కోర్టులో బెంచ్ క్లర్కుగా రిటైరైన తాత, ఎండాకాలం మిద్దె మీద పడుకుని మనవరాలికి పాత ఇంగ్లీషు సినిమా కథ చెబుతుంటాడు. ఆ భాగం చదువుతుంటేనే నువ్వు రాయగలవని తెలిసిపోయింది. మిద్దె మీద నీళ్ళు చల్లి, వేడి దిగేదాకా ఆగి పరుపులు పరిచే ఆ వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా మార్చొద్దు తల్లీ.

నా పేచీ అంతా సినిమా ముగింపు దగ్గరే. తాత మద్రాసులో చూసింది 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' అని పేరు పెట్టి మరీ రాశావు. బిల్లీ వైల్డర్ 1957లో తీసిన సినిమా అది. నీ కథలో ముసలి లాయరు నిండు కోర్టులో మారువేషం మనిషిని గుర్తుపట్టి గుట్టు రట్టు చేస్తాడు. జడ్జి తీర్పు మారుస్తాడు. హంతకుడికి బేడీలు పడతాయి. సినిమాలో ఇదేదీ జరగదు.

అందులో ఒక డబ్బున్న పెద్దామెను చంపాడని లెనార్డ్ వోల్ మీద కేసు. గుండెపోటు నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న సర్ విల్‌ఫ్రిడ్ అతని తరఫున వాదిస్తాడు. ఆదుకోవాల్సిన క్రిస్టీన్, అతని భార్యగా ఉంటున్న మనిషి, ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కి, అతనే హంతకుడని చెబుతుంది. తర్వాత ఎవరో నోటి దురుసు ఆడమనిషి లాయరుకు కొన్ని ఉత్తరాలు అమ్ముతుంది. వాటితో క్రిస్టీన్ చెప్పింది అబద్ధమని తేలి వోల్ బయటపడతాడు. హాలు ఖాళీ అయ్యాక క్రిస్టీనే వచ్చి చెబుతుంది, ఆ ఉత్తరాలు మారువేషంలో అమ్మింది తనేనని, వోల్ నిజంగా హంతకుడేనని. లాయరుకు ఏదో తేడాగా ఉందన్న అనుమానం తప్ప ఏదీ దొరకలేదు. ఇంతలో వోల్ ఇంకో పిల్లతో వెళ్ళిపోబోతాడు. ఒకసారి నిర్దోషిగా తేలినవాణ్ణి అదే నేరానికి మళ్ళీ విచారించడం ఆనాటి ఇంగ్లండులో కుదరదు గనక వాడికి బెంగే లేదు. అక్కడే టేబుల్ మీద, కేసులో సాక్ష్యంగా పెట్టిన కత్తి ఉంటుంది. క్రిస్టీన్ దాంతోనే వాణ్ణి పొడిచేస్తుంది. ఆమె కేసు తనే వాదిస్తానని ముసలాయన ఆగిపోతాడు.

నీ ముగింపులో ఆ కత్తి లేదు. నన్ను పట్టుకున్నది ఇదే.

ఫోన్లో సినిమా చూసి, తాత మాటలు దిద్దేస్తే సరిపోతుందని అనుకుంటావేమో. సినిమా చూడు, తప్పకుండా చూడు. తాత మాటలు మాత్రం దిద్దొద్దు. ఇప్పుడు ఆ తప్పు ఎవరిదో నీ కథలో తెలియడం లేదు. 'సినిమా అలా ముగిసింది' అని కథ చెప్పే మనవరాలే ఖాయం చేసేస్తోంది. సినిమా తెలిసినవాళ్ళు ఇది రచయిత్రి పొరపాటనుకుంటారు. అక్కడి నుంచి నువ్వు కోర్టు గురించి రాసిన ఏ మాటనూ నమ్మరు. ఆ తప్పు జ్ఞాపకాన్ని తాతకు రాసిచ్చెయ్. అది ఆయనకు ఎందుకు అవసరమైందో నువ్వు కనుక్కో.

నాకు తోచింది చెబుతాను. బెంచ్ క్లర్కు బతుకంతా ఇలాంటి వస్తువుల మధ్యే గడుస్తుంది. పోలీసులు పంచనామా చేసి పట్టుకున్న కత్తికి ఒక చీటీ కట్టి ఉంటుంది, దాని మీద క్రైమ్ నంబరు, మధ్యవర్తుల సంతకాలు. కోర్టుకొచ్చాక అది ఎం.ఓ.1, అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన మొదటి వస్తువు (మెటీరియల్ ఆబ్జెక్ట్), అవుతుంది. సాక్షి గుర్తుపట్టాక మళ్ళీ లోపలికి పోవాలి. ముద్దాయిని వదిలేసినా సరే, తీర్పు చివర 'అప్పీలు గడువు తీరాక ఎం.ఓ.1ని నాశనం చేయాలి' అని ఒక వాక్యం ఉంటుంది. అలాంటి మనిషికి, తీర్పయ్యాక కూడా కత్తి టేబుల్ మీద అలాగే పడి ఉండటం, కోర్టు వస్తువుతో కోర్టు హాల్లోనే మనిషి చావడం ఎంత అసహ్యంగా ఉంటుందో ఆలోచించు. చూసిన రాత్రే ఆయన మనసు ఆ కత్తిని టేబుల్ మీంచి తీసేసి ఉంటుంది. కత్తి పోతే హంతకుడికి శిక్ష ఎలా? అందుకని లాయరును గెలిపించాడు, జడ్జి చేత తీర్పు మార్పించాడు. సంతకం పెట్టిన తీర్పును ఆ జడ్జి మళ్ళీ ముట్టుకోవడానికి లేదు, రాతపొరపాట్లు దిద్దడం తప్ప. ఆ సంగతి తాత కంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ నమ్మాడంటే ఆయన ఏ కేసులో, ఏ ముద్దాయి మెట్లు దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నాడో నువ్వు రాయాలి. నీ అసలు కథ అక్కడుంది.

ఇంకో దారి కూడా నీ రాతలోనే ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. మనవరాలు 'లాయరు ఎట్ల పట్టుకున్యాడు తాతా?' అని అడుగుతుంది. పట్టుకున్నాడా లేదా అని అడగదు. సొంత సాక్షిని చీఫ్‌లో, అంటే పిలిచిన లాయరే మొదట విచారించేటప్పుడు, ఇలా అడిగితే అవతలి లాయరు లేచి నిలబడతాడు, లీడింగ్ ప్రశ్న అని, జవాబును ప్రశ్నలోనే అందిస్తున్నాడని. 1974లో జ్ఞాపకం మీద పరిశోధన చేసిన ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో కొందరికి కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగం అని కొందరిని, 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' ఎంత వేగం అని కొందరిని అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. మొదటి గుంపులో 7గురు. ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు. నీ మనవరాలి ప్రశ్న కూడా అలాంటిదే. పిల్ల అడిగింది కాబట్టి తాత ఆ రాత్రి లాయరు చేత పట్టించాడు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అదే చెప్పాడు. దీన్ని ఎక్కడా వివరించకు, ప్రశ్నను ఉన్నచోటే ఉంచు.

ముగింపు మారడం ఘోరమేమీ కాదు. అగాథా క్రిస్టీ 1925లో దీన్ని కథగా అచ్చేసినప్పుడు పొడవడం లేదు. వాడు దోషేనని తనకు తెలుసన్న ఆమె మాట దగ్గర కథ ఆగిపోతుంది. 1953లో నాటకం చేసినప్పుడు పొడిపించింది. అయితే సినిమాలో కత్తి ఊరికే రాలేదు. వోల్ కోటు చేతి మీది రక్తం ఎక్కడిదన్న వాదన కోసం ముందే అది కోర్టుకొచ్చింది. నీ తాత ముగింపుకూ అలాంటి ఏర్పాటు ముందు పేజీల్లో ఉండాలి.

మన ఊళ్ళో బ్రౌన్ దొర పండితులకు సొంత డబ్బిచ్చి తాళపత్రాలు ఒకదానితో ఒకటి పోల్పించాడు. ఒకే పద్యం ప్రతికో రకంగా ఉండేది. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుతో ఉన్న కేంద్రానికి వీలున్నప్పుడు వెళ్ళు. నీ దగ్గర కూడా రెండు పాఠాలూ ఉండాలి, సినిమాది ఒకటి, తాతది ఒకటి. తాత పాఠం కథలో ఉంటుంది, సినిమాది నీ దగ్గర ఉంటుంది.

చిన్న సవరణలు. నీ కథలో కేసు 1980ల నాటిది కాబట్టి అప్పీలు హైదరాబాదుకే పోతుంది. అమరావతి హైకోర్టు మొదలైంది 2019 జనవరి 1న. కింది కోర్టు వదిలేసినా మన దగ్గర ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళొచ్చు, కాబట్టి మన ముద్దాయికి వోల్ అంత ధీమా ఉండదు. తాతకు ఇది పనికొస్తుందేమో చూడు, ఆయన ఆ అప్పీలు కోసం ఎదురుచూసి ఉండొచ్చు. జ్యూరీ అన్న మాట కొట్టెయ్, మన సెషన్స్ కోర్టులో అప్పటికే లేదు. పిన్నమ్మ పెళ్ళి సీను కథకు అడ్డం పడుతోంది, తీసెయ్.

దసరాకు వచ్చేటప్పుడు కొత్త రాత తీసుకురా.

ఆశీస్సులతో,
పెద్దనాయన