స్టీరియో మార్చితే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: పద్నాలుగు నెలల కిందట ఎనిమిది లక్షలకు కారు కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. కంపెనీ స్టీరియోలో మ్యాప్ రాదని, కారు డెకార్స్ షాపులో 18 వేలు పెట్టి తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో వేయించాను. బిల్లు ఇవ్వలేదు. రెండు నెలలుగా బ్యాటరీ డౌన్ అవుతోంది. పైగా ముందు షాక్ అబ్సార్బర్ నుంచి ఆయిల్ కారుతోంది. సర్వీస్ సెంటర్ వాళ్లు స్టీరియో చూసి, "బయట వైరింగ్ చేయించారు, వారంటీ మొత్తం రద్దు" అన్నారు. అలా అనడానికి చట్టం ఒప్పుకోదని అమెరికాలో ఉండే మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? ఆర్టీవో వాళ్లతో ఏమైనా ఇబ్బంది వస్తుందా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే, కాకపోతే అది అక్కడి సంగతి. అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి వస్తువు పెట్టారన్న ఒక్క సాకుతో వారంటీ ఎగ్గొట్టడం అక్కడ కుదరదు. అంత సూటిగా చెప్పే చట్టం మనకు లేదు. మనం చూసుకోవాల్సినవి రెండు: కారుతో ఇచ్చిన వారంటీ పుస్తకం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం.

ముందు ఆ పుస్తకం తెరవండి. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరులోనే ఉండి ఉంటుంది (నాదీ అక్కడే ఉంది). సాధారణంగా అందులో "అనుమతి లేని మార్పుల వల్ల కలిగిన లోపానికి వారంటీ వర్తించదు" అన్న అర్థంలో ఒక షరతు ఉంటుంది. మీ కేసంతా ఆ "వల్ల" అనే రెండక్షరాల మీదే నిలబడుతుంది. పాటల పెట్టె మార్చినందువల్ల షాక్ అబ్సార్బర్ కారిందని ఏ మెకానిక్ చెబుతాడు? ఆ రిపేరుకు వారంటీ కాదనడం సేవా లోపమే అని మీరు గట్టిగా వాదించవచ్చు. ఒకవేళ మీ పుస్తకంలో "ఏ మార్పు చేసినా మొత్తం రద్దు" అని ఉంటే దారి కొంచెం పొడవు. అది అన్యాయమైన షరతని సవాలు చేయవచ్చు కానీ, ఆ ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

బ్యాటరీ విషయంలో మాత్రం మీకు అంత భరోసా ఇవ్వలేను. ఈ స్టీరియోలకు మామూలుగా రెండు కరెంటు వైర్లు ఉంటాయి. పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందాలి, ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే అందాలి. కంపెనీ వైర్లు కోసి ఈ రెండింటినీ కలిపి చుట్టేస్తే, కారు లాక్ చేసి పడుకున్నా స్టీరియో పడుకోదు. రాత్రంతా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. వైర్లు కోయకుండా కప్లర్‌కు కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లగ్గు) తగిలించి ఉంటే బ్యాటరీ విషయంలోనూ వాదన మీకు అనుకూలంగా ఉంటుంది. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌తో కారు ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు పోతోందో కొలిపించండి. స్టీరియో ప్లగ్గు తీసి మళ్లీ కొలిపించండి. రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. స్టీరియో తీయగానే అంకె పడిపోతే మీరు నిలదీయాల్సింది కారు కంపెనీని కాదు, షాపువాణ్ని. తేడా లేకపోతే బ్యాటరీ వారంటీ కార్డు తీయండి. చాలా కార్లలో బ్యాటరీకి వారంటీ ఇచ్చేది బ్యాటరీ తయారీ కంపెనీయే.

షాపువాడు బిల్లు ఇవ్వలేదన్నారు. జీఎస్టీ తప్పుతుందని మీరే వద్దన్నారేమో, అది నేను అడగను! కానీ 2019 చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌పేలో చెల్లించిన రికార్డు, వాట్సాప్‌లో మాట్లాడుకున్న రేటు ఉంటే చెరిపేయకండి.

ఇప్పుడు సర్వీస్ సెంటర్ సంగతి. నోటిమాట పట్టుకుని మనం ఎక్కడికీ వెళ్లలేం. కారు మళ్లీ తీసుకెళ్లి రెండు ఫిర్యాదులూ జాబ్ కార్డులో (కారుకు చేయాల్సిన పనులు రాసుకునే సర్వీస్ సెంటర్ కాగితం) విడివిడిగా రాయించండి. వారంటీ ఎందుకు ఇవ్వరో కారణం కూడా రాసిమ్మనండి. రాయకపోతే అదే రోజు జరిగినదంతా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ చేయండి. స్టీరియో పీకేసి, పాతది పెట్టుకుని వెళ్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వద్దు. వాళ్లు ఒకసారి చూశారు, కోసిన వైర్లు ఎక్కడికీ పోవు, రేపు కమిషన్ ముందు మీ మాటకు విలువ పోతుంది.

పని జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీ ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషనే. లాయరు తప్పనిసరి కాదు (నా వృత్తికి నష్టమే అయినా నిజం చెప్పాలి కదా). వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఫీజును మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా, చెల్లించిన ధరను బట్టి లెక్కిస్తారు. 5 లక్షల దాకా ఏమీ లేదు, ఆపైన 10 లక్షల దాకా 200 రూపాయలు. అంటే కారు మీద వేస్తే 200, స్టీరియో షాపు మీద వేస్తే సున్నా.

ఆర్టీవో గురించి టెన్షన్ అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పుల గురించి చెబుతుంది. ఆర్‌సీలో స్టీరియో ఉండదు. కానీ ఆ తొమ్మిదంగుళాల తెర మీద బండి నడుపుతూ సినిమా పెడితే అది వేరే నేరం. మ్యాప్ వరకే చూడండి.

ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా స్టీరియో గురించి చెప్పండి. బయట బిగించిన ఎలక్ట్రానిక్ వస్తువుకు సాధారణంగా దాని విలువలో 4 శాతం అదనపు ప్రీమియం ఉంటుంది, మీకు 720 రూపాయల చిల్లర. విలువ చూపించడానికి బిల్లు అడుగుతారు కాబట్టి షాపుకు ఎలాగూ వెళ్లాలి. పాత స్టీరియో అక్కడే వదిలేసి ఉంటే, వెళ్లినప్పుడు అదీ తెచ్చుకోండి.