పిట్టల ఫోటోలకు బయలుదేరే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త కెమెరా కొన్నావనీ, వచ్చే ఆదివారం పల్లెపట్టు వైపు పిట్టల ఫోటోలకు వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. అది ఏ కంపెనీదో, లెన్సు ఎంతదో నేను అడగను. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా ఎంత దూరం తిరగాలనుకుంటున్నావన్నది మాత్రం అడగాలనిపించింది. నా మాట వింటే, తిరుగుడు బాగా తగ్గించుకుని ఒకచోట కూర్చోవడం నేర్చుకో.

వసంతం చాలా పక్షులకు జతకట్టి గూడు పెట్టుకునే కాలం. మగపిట్ట తనకంటూ కొంత మేర ఏర్పరచుకుని, మరో మగపిట్ట ఆ హద్దులోకి రాకుండా పాడుతూ కాపలా కాస్తుంది. అది పాడడానికి ఎంచుకునే కొమ్మలు కొన్నే ఉంటాయి. ఎగిరిపోయినా కాసేపటికి మళ్లీ వాటి మీదికే వస్తుంది. తక్కిన రోజుల్లో మేత ఎక్కడుంటే అక్కడికి పోయే పిట్ట ఇప్పుడు చోటు విడవలేదు. ఫోటో తీసేవాడికి కలిసివచ్చేది ఇదే, పిట్టకు మనవల్ల ముప్పు వచ్చేదీ దీనివల్లే. నేను చెప్పబోయేదంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

సూర్యోదయానికి అరగంట ముందే అక్కడ ఉండు. గాలి నిలకడగా ఉండే ఆ వేళ పాటలు దూరానికి వినిపిస్తాయి, వెలుగు రాగానే పిట్టలు మేతకు దిగుతాయి, ఏటవాలు ఎండలో ఈకల రంగులు తేలతాయి. ఎండ ముదిరాక నేల నుంచి లేచే వేడికి గాలి అలలలా కదులుతుంది కనుక, దూరాన ఉన్న పిట్ట ఎంత ఖరీదైన లెన్సులోనైనా మసకబారే పడుతుంది. ఆ సంగతి తెలియక లెన్సును తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మొదట కాసేపు కెమెరాను సంచీలోంచి తీయకు. బైనాక్యులర్లతో చూస్తూ ఏ పిట్ట ఎక్కడ కూర్చుంటోందో, ఎటు పోయి ఎటు వస్తోందో గమనించు. 8x42 రకం బైనాక్యులర్లు కొత్తవాళ్లకు నప్పుతాయి: 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తాయో, 42 అంటే ముందు అద్దాల వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకె. అంతకు మించి పెద్దగా చూపించేవి చేతి వణుకునూ అంత పెద్దది చేసి చూపిస్తాయి. కొమ్మ ఏదో తెలిశాక, ఎండ నీ వీపు మీద పడేలా, వీలైతే గాలి కూడా వెనక నుంచే వీచేలా చోటు చూసుకుని కూర్చో. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగానే ఎగురుతాయి, వాలుతాయి కాబట్టి అప్పుడవి నీవైపు ముఖం పెట్టి వస్తాయి.

దగ్గర్లో వాగో చెరువో ఉంటే లకుముకిపిట్ట కోసం కూర్చోవడం మంచి పాఠం. నీటి మీదికి వంగిన కొమ్మ మీద నుంచి దూకి, చేపతో తిరిగి కొమ్మకు చేరి, దాన్ని అటూ ఇటూ కొమ్మకేసి కొడుతుంది. తాను మింగదలచుకుంటే చేప తల తన గొంతువైపు ఉండేలా తిప్పుకుంటుంది, పొలుసులూ మొప్పలూ అడ్డుపడకుండా. అలా కాక చేప తల బయటికి ఉండేలా ముక్కున పట్టుకుని కూర్చుందంటే, అది జతకో పిల్లలకో తీసుకుపోతున్న చేప. అది ఎటూ పోకుండా, నిన్నే చూస్తూ, తల ఎగరేస్తూ ఉంటే, దాని బొరియ ఆ గట్టులోనే ఉందనీ, నువ్వు దారికి అడ్డంగా కూర్చున్నావనీ గ్రహించాలి. అంతకన్నా మంచి ఫోటో దొరకదనిపించే క్షణం అదే. అయినా అప్పుడే లేచి దూరం జరగాలి.

కెమెరా అమరికల గురించి ఎక్కువ చెప్పను. ఎగిరే పిట్టకు షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు, కుదురుగా కూర్చున్నదానికి 500వ వంతు పెట్టుకుని, ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలన్న అమరిక, దాని సంగతి కెమెరాకే వదిలెయ్. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి. ఆకాశం ముందున్న పిట్ట నల్లబడిపోతుంది కనుక ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు, అంటే ఫోటోకు అందే వెలుగును రెట్టింపు చెయ్యి. చీకటి చెట్ల ముందున్న తెల్లకొంగకు కొంత తగ్గించు, లేకపోతే ఈకల గీతలన్నీ తెలుపులో కలిసిపోతాయి. చాలా పిట్టలు ఎగిరే ముందు ఒళ్లు ముందుకు వంచుతాయి, తరచు రెట్ట కూడా వేస్తాయి. బటన్ నొక్కవలసింది అప్పుడు.

గూళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఫోటోకు అడ్డం వచ్చిందని గూటి ముందరి ఆకునో రెమ్మనో తుంచితే, ఎండకూ కాకి కంటికీ దారి తీసినట్టే. తల్లి లేచిపోయిన కాసేపట్లోనే గుడ్లు చల్లబడడమో ఎండకు వేడెక్కడమో జరగవచ్చు. తీతువుపిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది, అవి మట్టి రంగులోనే కలిసిపోతాయి. అది నీ తల చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే ముందుకు అడుగు వేయకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లు. ఫోన్లో రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. తన హద్దులోకి శత్రువు వచ్చాడనుకుని అది మేత మానేసి, జతను వదిలేసి, లేని పిట్టతో పోట్లాడడానికి వస్తుంది.

ఇంటికి వచ్చాక చూసిన పిట్టల జాబితాను పక్షుల లెక్కలు పోగుచేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో నమోదు చేయడం అలవాటు చేసుకో. 2002లో మొదలైన ఆ వేదికలో నువ్వు రాసే మామూలు పిచ్చుక లెక్క కూడా పరిశోధకులకు పనికివస్తుంది. అరుదైన పిట్ట గూడు కనిపిస్తే మాత్రం ఆ చోటు ఎక్కడా రాయకు. ఫోటోలో నీ ఫోన్ చొప్పించే స్థల వివరాన్ని కూడా తీసేసిన తర్వాతే నలుగురికీ పంపు.

ఇట్లు,
మీ మామయ్య