ప్రొబేట్ జడ్జి జీతం మనం కట్టే ఫీజు నుంచేనా? రాష్ట్రం ఎందుకివ్వదు?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ప్రొబేట్ కోర్టుకు, అంటే వీలునామాలూ పోయినవాళ్ల ఆస్తుల పంపకాలూ చూసే కోర్టుకు, కట్టే ఫీజు జడ్జి జీతానికే పోతుందా, ఆ జీతమేదో రాష్ట్రమే ఇవ్వొచ్చు కదా అని అడిగారు. మా బాబాయి పోయినప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది.

ఆయనకు పిల్లల్లేరు, పిన్ని అంతకుముందే పోయింది. వీలునామా పట్టుకుని కోర్టుకు వెళ్లింది నేనే. ఇల్లూ బ్యాంకు డబ్బూ కలిపి 4 లక్షల డాలర్లు. మొదటి 10 వేలకు 150 డాలర్లు, ఆపైన 0.35 శాతం. మొత్తం ఫీజు 1,515 డాలర్లు. విజయవాడలో ఉన్న మా అత్తకు ఫోన్‌లో చెబితే, "పోయినవాడి సొమ్ముతో జడ్జిగారికి జీతమిస్తున్నామేంట్రా!" అంది.

అత్త మాటలో సగం నిజం ఉంది. ఫీజులన్నీ రాష్ట్రమంతటికీ కలిపి ఒకే నిధిలో పడతాయి, జడ్జిల జీతాలు అందులోంచే ఇస్తారు. కోర్టుకు గది చూపించాల్సింది ఊళ్లే. కానీ మీరు ఎక్కువ కడితే మీ జడ్జికి ఎక్కువ రాదు. 2011కి ముందు మాత్రం కోర్టు రాబడిని బట్టే జడ్జి జీతం ఉండేది. డబ్బున్నవాళ్లు ఎక్కువగా చనిపోయే ఊళ్లో జడ్జికి పండగే అన్నమాట! ఆ ఏడాది జనవరిలో 117 కోర్టులను కలిపి 54 చేశారు. జనాభా, పనిభారం చూసి జీతం కట్టడం మొదలుపెట్టారు.

మరి రాష్ట్రం ఎందుకు ఇవ్వాలంటారా? ఆరోజు టౌన్‌హాల్లో క్యూలో నా ముందు ఒక పెద్దావిడ, ఆవిడ కొంగు... అదే, కోటు పట్టుకుని ఇద్దరు మనవలు. పిల్లల గార్డియన్‌షిప్, అంటే సంరక్షణ బాధ్యత, కోసం వచ్చింది. క్లర్క్ ఏమీ అడగకుండానే ఫీజు మాఫీ ఫారం తీసి ముందు పెట్టింది. ఆస్తుల పంపకం ఒక్కటే కాదు, అనాథ పిల్లలూ మతిస్థిమితం లేనివాళ్లూ ఇక్కడికే వస్తారు. వాళ్ల దగ్గర ఏం వసూలు చేస్తారు? ఆ ఖర్చంతా పోయినవాళ్ల ఆస్తుల మీద వేయడం నాకైతే న్యాయంగా అనిపించదు.

2015లో అదే చేశారు. రాష్ట్ర బడ్జెట్ నుంచి వచ్చే డబ్బు ఆపేశారు. పోయినవాళ్లు వదిలివెళ్లిన ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే ఆ పై మొత్తం మీద 0.5 శాతం ఫీజు పెట్టి, ఫీజుకు అంతకుముందున్న 12,500 డాలర్ల గరిష్ఠ పరిమితి తీసేశారు. గొడవ చేస్తే మరుసటి ఏడాది ఫీజును 40,000 డాలర్ల దగ్గర ఆపారు.

జార్జియా రాష్ట్రంలో ఉన్న బంధువులు ఇంకోలా చెబితే కంగారుపడకండి. అక్కడ జీతం కౌంటీ ఇస్తుంది, కనీసం ఎంత ఇవ్వాలో రాష్ట్ర చట్టం చెబుతుంది. వాళ్ల లెక్క మనకు పనికిరాదు.