ఒక్క రోగి కేస్ రిపోర్టు చదివి కషాయం మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. పన్నెండేళ్లుగా బీపీకి మాత్రలు వాడుతున్నాను. గత నెల రక్తపరీక్షలో, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండవలసినదానికంటే ఎక్కువ. మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతోంది. అక్కడి సంప్రదాయ వైద్య విభాగం వారు రాసిన ఒక కేస్ రిపోర్టును తెలుగు చేసి పంపింది. దాదాపు నా వయసే ఉన్న రోగికి పద్నాలుగు మూలికల కషాయం ఇస్తే రెండు నెలల్లో క్రియాటినిన్ 2.4 నుంచి 1.6కు దిగిందట. మూలికలు పంపిస్తానంటోంది. వాడవచ్చా? అనువాదం జతచేశాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాడవద్దండి. చైనా వైద్యం మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. మలేరియాకు మనం వాడే ఆర్టెమిసినిన్ ఆ సంప్రదాయంలోని మూలిక నుంచే వచ్చింది. దాన్ని కనుగొన్నందుకు తూ యూయూ 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నా అభ్యంతరమంతా మీరు పంపిన రెండు పేజీల రిపోర్టును రాసిన తీరు మీదనే.

అందులో మొదటి పరీక్షకు ముందు ఆ రోగి ఎలా ఉన్నాడో లేదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకున్నా క్రియాటినిన్ కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది. నీరు పట్టించి, ఆ మాత్రలు ఆపించగానే చాలామందిలో మళ్లీ దిగుతుంది. సరిగ్గా ఆ సమయంలో కషాయం తాగించి ఉంటే పేరు కషాయానికే దక్కుతుంది. బీపీ మాత్రలు మార్చారా, మాంసాహారం మాన్పించారా, రోగి బరువు తగ్గి కండ కరిగిందా అన్న సంగతులూ లేవు. కండ తగ్గితే మూత్రపిండం బాగుపడకపోయినా క్రియాటినిన్ తగ్గుతుంది. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతున్నదో ఒక్కచోటా రాయలేదు. రెండు నెలల తరవాత ఏమైందన్నది అసలే లేదు.

అంతకంటే నన్ను ఆపింది మూలికల జాబితా. పద్నాలుగు వాడుక పేర్లు తప్ప శాస్త్రీయ నామాలు లేవు; వేరా, కాండమా, పచ్చిదా, శుద్ధి చేసినదా, ఎన్ని గ్రాములు, ఎంతసేపు మరిగించారు అన్నవి లేవు. ఇది అక్షరాల పట్టింపు కాదు. బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల పొడి వాడిన యువతులకు మూత్రపిండాలు వేగంగా దెబ్బతిన్నాయని 1993లో అక్కడి వైద్యులు లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. ఫాంగ్జీ అన్న ఒకే పేరు కింద రెండు వేరువేరు మొక్కలు అమ్ముడవుతాయి. ఆ పొడిలో వాడవలసినది హాన్ ఫాంగ్జీ, అంటే స్టెఫానియా టెట్రాండ్రా. వచ్చినది గ్వాంగ్ ఫాంగ్జీ, అంటే అరిస్టొలోకియా ఫాంగ్చి. రెండోదానిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాన్ని మచ్చకట్టించి పనికిరాకుండా చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. చివరికి బాధితులు వందకు పైగా తేలారు. మన గాడిదగడప, ఈశ్వరి కూడా ఆ అరిస్టొలోకియా జాతివే కనుక, ఇక్కడి నాటుమందుల విషయంలోనూ మీరు అంతే జాగ్రత్తగా ఉండాలి. మీ జాబితాలో తొమ్మిదో పేరు ఉత్త ‘ఫాంగ్జీ’. అది ఏ ఫాంగ్జీ?

కేస్ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే కేర్ మార్గదర్శకాలు 2013లో వచ్చాయి. చైనా వైద్యానికి ప్రత్యేకమైన సిఫార్సులు 2016లో వెలువడ్డాయి. ఆ వైద్యంలో ఒకే జబ్బు ఉన్న ఇద్దరికి నాడి, నాలుక, ఇతర లక్షణాలను బట్టి వేర్వేరు మూలికల మిశ్రమాలు ఇస్తారు కాబట్టి, నాలుక మీద పూత ఎలా ఉంది, నాడి ఎలా నడిచింది, వాటినుంచి ఏ నిర్ణయానికి వచ్చారు, తరవాత ఏ వారంలో ఏ మూలికను తీసి ఏది చేర్చారు, ఎందుకు అన్నది రాయకపోతే ఇంకొక చైనా వైద్యుడికి కూడా ఆ రిపోర్టు ఉపయోగపడదు. మీకు వచ్చినదాంట్లో ‘నాడి బలహీనం’ అన్న రెండు మాటలే ఉన్నాయి. వీటితోపాటు పక్కన నడిచిన అల్లోపతి మందులు, తేదీలతో పరీక్షల వరుస, దుష్ఫలితాలు, రోగి సమ్మతి ఉండాలి. దుష్ఫలితాలు లేకపోతే, వెతికాం, కనబడలేదని రాయాలి. ఒక్క రోగి గురించిన రిపోర్టు ఎంత చక్కగా రాసినా, మందు పనిచేస్తుందని అది రుజువు చేయదు. పరిశీలించదగిన విషయం ఉందని మాత్రం చెబుతుంది. ప్రమాదాన్ని తొలిసారి పట్టివ్వడంలో మాత్రం దాని విలువ పెద్దది, బ్రస్సెల్స్ సంగతే అందుకు సాక్ష్యం.

నిజానికి ఈ క్రమశిక్షణ చైనాకు కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు వైద్యుడు చున్‌యూ యీ రాసుకున్న 25 మంది రోగుల వివరాలను చరిత్రకారుడు సిమా చియాన్ భద్రపరిచాడు. వారిలో పదిమంది చనిపోయినవారే. ఎప్పుడైనా పొరపాటు జరిగిందా అని చక్రవర్తి అడిగితే, అప్పుడప్పుడూ జరుగుతుందని ఒప్పుకున్నాడాయన. ఇవాళ పత్రికలకు వెళ్లే రిపోర్టుల్లో నయమైనవారే ఎక్కువగా కనబడతారు, చైనావైనా, మనవైనా.

మీరిప్పుడు చేయవలసింది నెఫ్రాలజిస్టును, అంటే మూత్రపిండాల వైద్యుణ్ణి కలవడం. క్రియాటినిన్ మళ్లీ చేయించి, మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (ప్రొటీన్ ఎంత పోతున్నదో చెప్పే పరీక్ష), పొటాషియం, షుగర్, కడుపు అల్ట్రాసౌండ్ చేయించండి; పాత రిపోర్టులు దొరికితే పట్టుకెళ్లండి, 2.1 కొత్తగా వచ్చిందా, ఏళ్లుగా పెరుగుతూ వచ్చిందా అన్నది వాటితోనే తేలుతుంది. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, బీపీ మాత్రలు సొంతంగా ఆపవద్దు. మూలికలు ఇప్పటికే వచ్చి, నాలుగు రోజులు తాగి ఉంటే, దాచకుండా చెప్పండి. మిగిలిన పొట్లాన్ని పారేయకుండా చీటీతో సహా వైద్యుడికి చూపించండి. మీ అమ్మాయిని మందలించకండి. ఆ విభాగం వారిని తొమ్మిదో మూలిక శాస్త్రీయ నామం, రోగి ప్రస్తుత క్రియాటినిన్ అడిగి రాయమనండి.