ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ నుంచి 4కె ఎడిటింగ్‌లో ఫ్రేములు డ్రాప్ అవుతుంటే ముందు కేబుల్ చూడండి

రెండు కెమెరాలతో 4కె, 30 ఫ్రేముల్లో తీసిన ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (ఎడిటింగ్‌కు అనువైన, పెద్ద ఫైళ్లు ఇచ్చే వీడియో ఫార్మాట్) ఫుటేజ్‌ను ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుని నేరుగా అక్కడి నుంచే ఎడిట్ చేస్తున్నారు. పెట్టె మీద సెకనుకు 1000 మెగాబైట్లని ఉన్నా ప్లే నొక్కిన కొద్ది క్షణాలకే ఫ్రేములు డ్రాప్ అవుతున్నాయి (కొన్ని ఫ్రేములు ఎగిరిపోయి వీడియో తడబడుతోంది), ల్యాప్‌టాప్ మార్చాలా అన్నది మీ ప్రశ్న. ఇంచుమించు ఇదే ఇబ్బందితో నేను వారం రోజులు కుస్తీ పట్టాను కాబట్టి చెబుతున్నాను, ల్యాప్‌టాప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందుగా తేల్చుకోవలసింది, తడబడుతున్నది డిస్కా, ప్రాసెసరా అన్నది. రెండు కెమెరాల క్లిప్పులనూ ఒక్కో నిమిషం చొప్పున ల్యాప్‌టాప్ లోపలి డ్రైవ్‌లోకి కాపీ చేసి, ప్రాక్సీలు (ఎడిటింగ్ తేలికయ్యేందుకు చేసుకునే చిన్న సైజు నకళ్లు), రెండర్ క్యాష్ (ముందే సిద్ధం చేసి దాచిపెట్టే ఫ్రేములు), ఎఫెక్టులు అన్నీ ఆపేసి, కొత్త టైమ్‌లైన్‌లో ప్లే చేయండి. అక్కడ సాఫీగా నడిస్తే లోపం బయటి డిస్కు దారిలో ఉన్నట్టు. అక్కడా డ్రాప్ అయితే ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ కొన్నా ఫలితం ఉండదు. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది కనుక డీకోడింగ్ (ఫ్రేమ్‌ను విప్పి చూపే పని) భారం తక్కువ, డేటా భారం ఎక్కువ. వీడియోను బాగా కుదించే హెచ్.265 ఫార్మాట్ దీనికి తలకిందులు: ఫైలు చిన్నదే, కానీ ఒక ఫ్రేమ్‌ను చూపించడానికి దాని ముందూ వెనుకా ఉన్న ఫ్రేములను కూడా విప్పవలసి రావడంతో ప్రాసెసర్ అలసిపోతుంది. అటువంటి ఫుటేజ్‌కు ప్రాక్సీలే మందు.

మీ ఫుటేజ్‌కు ఎంత వేగం కావాలో లెక్క వేద్దాం. 3840x2160లో 30 ఫ్రేముల ప్రోరెస్ 422 హెచ్‌క్యూకు సెకనుకు దాదాపు 884 మెగాబిట్లు పడుతుంది. ఎనిమిదితో భాగిస్తే 110 మెగాబైట్లు, రెండు కెమెరాలకు 220. మెగాబిట్లకూ మెగాబైట్లకూ ఉన్న ఈ తేడాను మరిచిపోవడం వల్లే చాలామంది లెక్క తప్పుతుంది. 220 అంటే మంచి ఎస్‌ఎస్‌డీకి పెద్ద పని కాదు. కాబట్టి మీ డిస్కు చేతగానిది కాకపోవచ్చు, దాని వేగం మీ కంప్యూటర్ దాకా చేరడం లేదేమో చూడాలి.

నా విషయంలో జరిగింది అదే. డిస్కు వేగం కొలిచే బ్లాక్‌మ్యాజిక్ డిస్క్ స్పీడ్ టెస్ట్ నడిపితే ముల్లు సెకనుకు 38 మెగాబైట్ల దగ్గర ఆగిపోయింది. 380 కాదు, ముప్పై ఎనిమిది. ఆ అంకె చూడగానే విషయం అర్థం కావలసింది గానీ నాకు అర్థం కాక, డిస్కు పాడైందనుకుని డేటా మొత్తం వేరే చోటికి కాపీ చేయడానికి ఒక రాత్రి పోగొట్టుకున్నాను. తీరా చూస్తే నేను వాడుతున్నది డిస్కుతో వచ్చిన పొట్టి కేబుల్ కాదు, ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన పొడవాటి తెల్ల కేబుల్. రెండింటి చివరా అదే యూఎస్‌బీ-సి పిన్ను, చూపుకు తేడా తెలియదు. కానీ ఛార్జింగ్ కోసం చేసిన కేబుళ్లలో చాలావాటిలో యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, వాటి పరిమితి 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు 40 మెగాబైట్ల లోపే. ఒక్క కెమెరా క్లిప్పుకే 110 కావలసిన చోట అది ఏ మూలకు సరిపోతుంది? పైగా నన్ను తప్పుదారి పట్టించిన మరో సంగతి ఉంది: చిన్న క్లిప్పును రెండోసారి ప్లే చేస్తే మెమరీలో మిగిలిన డేటా నుంచి చక్కగా నడిచేది. అందుకే డిస్కును తీసి మళ్లీ తగిలించాక మొదటిసారి ప్లే అయిన తీరునే లెక్కలోకి తీసుకోండి.

మీరూ అదే టెస్టు నడిపి చదివే వేగాన్ని చూడండి. 40 దరిదాపుల్లో ఉంటే కేబుల్ గానీ, పోర్టు గానీ, మధ్యలో పెట్టిన హబ్ గానీ యూఎస్‌బీ 2.0 అని అర్థం. 400 దగ్గర ఉంటే 5 గిగాబిట్ల లింకు పడుతోంది. అది మీ రెండు కెమెరాలకు సరిపోతుంది, మూడు నాలుగు కలిస్తే ఇరుకవుతుంది. పెట్టె మీది 1000 రావాలంటే 10 గిగాబిట్ల పోర్టు, అంతే వేగం మోసే కేబుల్, రెండూ ఉండాలి. మ్యాక్ అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ విభాగం తెరిస్తే డిస్కు ఏ వేగంతో కలిసిందో కనిపిస్తుంది.

కేబుల్ మార్చాక నా కథ ముగియలేదు. మొదటి ఇరవై నిమిషాలు హాయిగా నడిచి, ఆ తరువాత మళ్లీ డ్రాపులు మొదలయ్యాయి. డిస్కును ముట్టుకుంటే వేలు పెట్టలేనంత వేడి. దాన్ని ల్యాప్‌టాప్ వేడిగాలి బయటకు వచ్చే చోటే పెట్టుకున్నాను. ఎన్‌వీఎంఈ డ్రైవులు (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) వేడెక్కితే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. దానికి తోడు రెండర్ క్యాష్ కూడా అదే డిస్కు మీదికి వెళ్లేలా నేనే సెట్ చేసి ఉంచాను, అంటే ఒక పక్క చదువుతూనే మరో పక్క ఆగకుండా రాస్తోంది. క్యూఎల్‌సీ (ఒక్కో మెమరీ సెల్‌లో నాలుగు బిట్లు దాచే) రకం చౌక ఎస్‌ఎస్‌డీలలో రాసేందుకు ఉన్న వేగవంతమైన భాగం నిండిపోయాక రాత బాగా మందగించి, చదవడాన్నీ వెనక్కి లాగుతుంది. క్యాష్‌ను లోపలి డ్రైవ్‌కు మార్చి, డిస్కును గాలి తగిలేలా పక్కకు జరిపాక, మూడు గంటల సెషన్‌లోనూ డ్రాప్ కనిపించలేదు.

టెస్టును ఒక్కసారి నడిపి ఆపేయకండి. పది పదిహేను నిమిషాలు వదిలేసి, మొదట్లో వచ్చిన అంకెనూ చివర్లో వచ్చిన అంకెనూ, లోపలి డ్రైవ్ మీద క్లిప్పులు నడిచిన తీరునూ ఇక్కడ రాయండి. వాటిని చూశాక కేబుల్ మారిస్తే సరిపోతుందో, డిస్కే మార్చాలో చెప్పగలను.